చిల్లి లేని ఆకు

మూసీ నీళ్ళతో పండించిన ఆకుకూరే మన బజారుకు వస్తోందని ఎవరో చెప్పిన రోజు నుంచి మా అత్తగారు తోపుడుబండి మీద కూర కొననివ్వలేదు. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళ కిందట కృష్ణా జిల్లా నుంచి మాతోపాటు హైదరాబాదు వచ్చారు. ఇప్పటికీ ఎల్బీనగర్‌లో మా వీధి మలుపు దాటి ఒంటరిగా వెళ్ళరు, కానీ ఈ ఊళ్ళో ఏ కూర ఎక్కడ పండుతుందో తనకే తెలిసినట్టు మాట్లాడతారు. బండివాడు పాలకూర అని కేకేస్తే బాల్కనీలోంచి వంగి, "మూసారాంబాగ్ వంతెన కింద కడుక్కొచ్చావా నాయనా?" అని అడిగేవారు. పాపం అతను కొన్నాళ్ళకి మా ఇంటి ముందు అరవడమే మానేశాడు.

అలా మా డాబా మీద తోట మొదలైంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బోటనీ చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా అదే పాఠం, అదే బొమ్మలు. మొక్కల మీద ప్రేమ కంటే, మొక్కల గురించి నాకు తెలియందేముంది అన్న పొగరు నాకు ఎక్కువ. నోరు కూడా ఎక్కువేనని మా ఆయన బతికున్నన్నాళ్ళూ అనేవారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళం ఇద్దరం. పగలంతా కీచులాడుకుంటూ, సాయంత్రం డాబా మీద పక్కపక్కనే కూర్చుని కూర వలుచుకుంటూ కాలం గడిపేవాళ్ళం.

మా అమ్మాయి మూసారాంబాగ్‌లో ఉంటుంది. అల్లుడిది పోచంపల్లి నుంచి వచ్చిన చేనేత కుటుంబం, దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళకి చీరల కొట్టుంది. అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరాక, తన పాపని పొద్దున్నే మా ఇంట్లో దింపి, మెట్రో ఎక్కి ఆఫీసుకు వెళ్ళేది. నా క్లాసులు అయ్యేసరికి పన్నెండున్నర. అప్పటిదాకా పాప అత్తగారి దగ్గరే ఉండేది. ఎత్తుకోవడానికీ దించడానికీ పనిమనిషి సాయం ఉండేది గానీ, తిండి మాత్రం ఇంకొకరి చేత పెట్టించేవారు కాదు అత్తగారు. పాపకి అప్పటికి ఎనిమిదో నెల. పన్నెండు గంటలకి పెసరపప్పు, పాలకూర మెత్తగా ఉడికించి, అన్నంలో కలిపి, నెయ్యి వేసి మెదిపి పెట్టేవారు. రక్తం పట్టాలంటే పాలకూర పెట్టాలని ఆవిడ నమ్మకం. పిల్లల డాక్టరు కూడా పెట్టమనే చెప్పింది.

ఇక మందారం సంగతి చెప్పాలి. డాబా మీద పెద్ద తొట్టిలో ఎర్ర ముద్దమందారం ఉండేది. అత్తగారి పూజకి రోజూ నాలుగైదు పూలు ఇచ్చేది. మొన్న వేసవి మొదట్లో దానికి పిండినల్లి పట్టింది. కొమ్మల నిండా తెల్లగా దూది అంటించినట్టు పురుగు. సబ్బునీళ్ళు కొట్టాను, వేపనూనె కొట్టాను, పుల్లతో గీకాను. వారంలో మళ్ళీ వచ్చేది. నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే మధ్యేమార్గం ఉండదు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒక ఎరువుల కొట్టుకి వెళ్ళి, పిండినల్లి పోయే మందు కావాలన్నాను.

కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, "తినే చెట్టా, పూల చెట్టా?" అని అడిగాడు.

"పూల మొక్కే. మందారం."

"అయితే గిది తీస్కపోర్రి. పైన కొట్టే పని లేదు. నీళ్ళల్ల కలిపి మొదట్ల పొయ్యిర్రి. ఏరు గుంజుకుంటది. చెట్టు మొత్తం ఎక్కుతది. పురుగు యాడ కూసున్నా రసం పీల్చంగనే ఖతం."

"అంతర్వాహిక మందా?" అన్నాను, నాకూ తెలుసని తెలియజేయడానికి.

అతను నవ్వాడు. "గదే మేడం. లోపటికెల్లి పనిచేసేది. కూరగాయలకు మాత్రం పొయ్యకుర్రి, ఇంట్ల తినేటివి ఉంటే."

కూరగాయలకు నేనెందుకు పోస్తాను, నాకు ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. సీసా మీద ఎకరానికి ఎంత అని రాసి ఉంది గానీ తొట్టికి ఎంత అని లేదు. మూత నిండా పోసి చెంబు నీళ్ళలో కలిపి మొదట్లో పోశాను. పది రోజులకి పిండినల్లి ఎండి రాలిపోయింది. నెల తిరిగేసరికి మళ్ళీ రెండు కొమ్మలకి కనబడితే, ఈసారి మూతన్నర పోశాను. ఏప్రిల్ ఆఖర్లో మూడోసారి. సీసా మీద పసుపు రంగు త్రికోణం ఉంది, పిల్లలకి అందకుండా ఉంచాలని రాసి ఉంది. అప్పటికే పాప దేన్నయినా నోట్లో పెట్టుకునే వయసుకి వస్తోంది కాబట్టి సీసాని పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పిండినల్లి పోయింది గానీ మే ఎండలకి మందారం ఎండిపోయింది. జూన్‌లో మొదటి వాన పడ్డాక దాన్ని పీకేశాను. తొట్టిలో మట్టి మిగిలింది. పల్లెల్లో ఉన్నవాళ్ళకి ఇది అర్థం కాదేమో గానీ, హైదరాబాదులో డాబా తోట వేసుకునేవాళ్ళం మట్టి పారెయ్యం. ఎర్రమట్టి బస్తాలు కొనుక్కొచ్చి, రెండంతస్తులు మోయించుకున్న మట్టి అది. చచ్చిన మొక్కని పారేసి, వేళ్ళు ఏరేసి, మట్టిని టార్పాలిన్ మీద పరిచి వారం రోజులు ఎండబెట్టి, వానపాముల ఎరువు కలిపి మళ్ళీ వాడుకుంటాం. అందరం అంతే చేస్తాం. నేనూ అదే చేశాను. మొక్క చచ్చింది కాబట్టి దాని కథ అయిపోయిందనుకున్నాను. ఆ మట్టితో మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచులు మూడు నిండాయి. ఇంకో మూడు సంచులు కొత్త మట్టితో నింపాను. ఆరింటిలోనూ పాలకూర చల్లాను.

ఆ మూడు సంచుల పాలకూర ఎలా వచ్చిందో చెప్తే మీరు నమ్మరు. అరచెయ్యంత ఆకులు, ఒక మచ్చ లేదు, ఒక చిల్లి లేదు. పక్కనే కొత్త మట్టి సంచుల్లో ఆకు తిప్పితే రసం పీల్చే పేనుబంక పురుగులు, పైన జల్లెడలా చిల్లులు. నేను ఎరువు గొప్పదనం అనుకున్నాను. ఒక ఆదివారం అల్లుడు డాబా మీదికి వచ్చి, ఆ ఆకులు చూసి ఆశ్చర్యపోయాడు.

"అత్తమ్మా, మందు కొట్టకుండనే గింత సాఫ్‌గ వస్తదా?"

"ఆకు మీద చుక్క మందు పడలేదు నాయనా," అన్నాను గర్వంగా. అందులో అబద్ధం లేదు.

"మరి గా మూడు సంచులల్ల గట్లెందుకున్నది?"

"అది కొత్త మట్టి. ఇంకా బలం పట్టలేదు," అని పాఠం చెప్పినట్టు చెప్పాను. అతను తల ఊపి, ఒక కట్ట కోసుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

అత్తగారు ఆ కూర విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున్నే నెమ్మదిగా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి, చిల్లులున్న ఆకులు ఒక పళ్ళెంలో, చిల్లుల్లేనివి ఇంకో పళ్ళెంలో కోసేవారు. చిల్లులున్నవి మా ఇద్దరికీ. చిల్లుల్లేనివి పాపకి. "పురుగు ముట్టుకున్నది పసిపిల్లకి ఎందుకమ్మా? పెద్దవాళ్ళం, మనకేమవుతుంది?" అనేవారు. ఆ ఆకుల్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి, పసుపునీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగేవారు. నేను ఆ శ్రద్ధ చూసి మురిసిపోయేదాన్ని. ఆరు వారాలు, వారంలో నాలుగైదు రోజులు, పాప ఆ పళ్ళెంలోదే తిన్నది.

ఆగస్టు ఆఖర్లో ఒక రోజు పొద్దున క్లాసులో మొక్కల్లో నీళ్ళు ఎలా పైకెక్కుతాయో చెబుతున్నాను. ఈ పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒక గ్లాసులో ఎర్ర సిరా నీళ్ళు పోసి, అందులో తెల్ల లిల్లీ కాడ పెట్టి బల్ల మీద ఉంచుతాను. గంటలో రేకుల అంచులకి ఎరుపు ఎక్కుతుంది. ఆకు నుంచి నీరు ఆవిరవుతుంటే, కింద నుంచి నీరు సన్నని గొట్టాల్లోంచి పైకి లాగబడుతుంది. ఆ గొట్టాలే దారువు, మా పిల్లల భాషలో జైలం. నీళ్ళలో కరిగినది కూడా ఆ నీళ్ళతోపాటే పోతుంది. వేరులో ఒక కాపలా పొర ఉంటుంది, అన్నిటినీ రానివ్వదు, కానీ కొన్ని మందుల్ని ఆ కాపలా దాటిపోయేలాగే తయారుచేశారు అని చెప్పాను. ఏటా ఇక్కడే రైతుల ఉదాహరణ చెబుతాను. ఆ రోజూ చెప్పాను.

"మొదట్లో పోసిన మందు చిగురుదాకా పోతుంది. పైకెక్కడమే దానికి తెలుసు, కిందికి దిగడం పెద్దగా తెలియదు. ఆకు అంచుకి చేరాక నీళ్ళు ఆవిరైపోతాయి, మందు అక్కడే మిగిలిపోతుంది. అందుకే కాయలో కంటే ఆకులో ఎక్కువ ఉంటుంది. ఆకు లోపల ఉన్నదాన్ని కడిగితే పోదు. ఎన్నిసార్లు కడిగినా పోదు."

ముందు బెంచీలో నల్గొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, మట్టిల ఎన్ని దినాలుంటది? చెట్టు పీకేసినంక పోతదా?"

"పోదమ్మా. మట్టిని బట్టి నెలల తరబడి ఉంటుంది. తర్వాత వేసిన పంట కూడా దాన్ని..." అన్నాను.

అక్కడ ఆగిపోయాను. చేతిలో మార్కర్ ఉంది, బోర్డు మీద నేనే గీసిన మొక్క ఉంది, దాని వేళ్ళ నుంచి ఆకుల్లోకి నేనే గీసిన ఎర్ర బాణాలున్నాయి. ఆ మట్టి. ఆ మూడు సంచులు. ఒక్క చిల్లి లేని ఆకులు. పిల్లలు నా వైపు చూస్తున్నారు. ఎవరో "మేడం" అని పిలిచినట్టు వినబడింది. ఒంట్లో బాగా లేదని చెప్పి బయటికొచ్చాను. అప్పుడు టైము పదకొండూ నలభై.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తలేదు. ఆవిడ ఫోన్ పూజగదిలో పెట్టి వంటింట్లో ఉంటారు, వినబడదు. పనిమనిషికి చేస్తే స్విచాఫ్. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. రైలు చైతన్యపురి దాటింది, విక్టోరియా మెమోరియల్ దాటింది, నేను నిలబడే ఉన్నాను, కూర్చోమని ఎవరో సీటు చూపించినా కూర్చోలేకపోయాను. పన్నెండింటికి పెడతారు. ఒక పూట ఆపితే ఏమవుతుంది, ఆరు వారాలు తిన్నాక అని లోపల ఒక గొంతు. అయినా ఆ ఒక్క పూట ఆపాలి అని ఇంకో గొంతు. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎల్బీనగర్ స్టేషన్ నుంచి ఆటో ఎక్కి, అతన్ని తొందరపెట్టి, అతనితో తిట్టించుకుని ఇంటికి చేరాను.

హాల్లో చాప మీద పాప కూర్చుని ఉంది. ముందు వెండి గిన్నె. గిన్నె అడుగున ఆకుపచ్చటి చారిక మిగిలింది. అత్తగారు చీరకొంగుతో పాప మూతి తుడుస్తూ, "ఇవాళ పూర్తిగా తినేసిందమ్మా. ఒక్క ముద్ద వదల్లేదు," అన్నారు సంతోషంగా.

పాపని ఎత్తుకుని కళ్ళల్లోకి చూశాను, అరచేతులు తిప్పి చూశాను, ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. పాప నా జుట్టు పట్టుకుని లాగింది. అది వేళ్ళు బిగించి పట్టుకోవడం మామూలేనా, లేక వేళ్ళు బిగుసుకుంటున్నాయా అని భయపడ్డాను. ఆ క్షణం నుంచి పాప ఏం చేసినా నాకు భయమే. పోయిన మంగళవారం కక్కింది. అంతకు ముందు వారం రెండు రోజులు మందంగా పడుకుంది. ఒకసారి నిద్రలో ఉలిక్కిపడి కాళ్ళు కొట్టుకుంది. పిల్లలందరూ కక్కుతారు, పడుకుంటారు, ఉలిక్కిపడతారు. నా కూతుర్ని పెంచిన దాన్ని, నాకది తెలుసు. అయినా ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

డాబా మీదికి వెళ్ళాను. ఎండలో ఆ ఆకులు నిగనిగలాడుతున్నాయి. నేను పొరపాటు పడుతున్నానేమో, నిజంగానే ఎరువు మహిమేమో అని ఆశ. అందుకే ఒక పని చేశాను. కొత్త మట్టి సంచిలో పాలకూర ఆకు అడుగున ఉన్న పేనుబంకని పాత రంగుల బ్రష్షుతో సున్నితంగా ఎత్తి, మందారం మట్టి సంచిలోని ఆకు మీద వదిలాను. అదే విధంగా కొన్నిటిని కొత్త మట్టిలోనే ఇంకో ఆకు మీదికి మార్చాను. రెండింటికీ పల్చటి గుడ్డ చుట్టి దారం కట్టాను. తర్వాత కిందికొచ్చి, పాపకి ఇవాళ్టి నుంచి ఆకుకూర వద్దని, విరేచనాలు అవుతాయని అత్తగారికి అబద్ధం చెప్పాను.

సాయంత్రం ఏడింటికి అమ్మాయి వచ్చింది. పాప ఎలా ఉందని అడిగింది. "బాగుంది. తిన్నది, పాలు తాగింది, పడుకుంది," అన్నాను. తల ఎత్తకుండా చెప్పాను. అలసిపోయి వచ్చింది కదా, రేపు తెలిశాక చెబుదాం, ఇప్పుడే ఎందుకు హడలగొట్టడం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. నాకు భయం. అందరి ముందూ ఇరవై రెండేళ్ళు బోటనీ చెప్పిన దాన్ని, నా చేతులతో నా మనవరాలికి విషం పండించి పెట్టానని నా కూతురి ముఖం మీద చెప్పే ధైర్యం నాకు లేదు.

పొద్దున్నే వెళ్ళి గుడ్డలు విప్పాను. కొత్త మట్టి ఆకు మీద పురుగులు బతికే ఉన్నాయి, అక్కడక్కడ పాకుతున్నాయి. మందారం మట్టి ఆకు మీద ఒక్కటి కూడా కదల్లేదు. కొన్ని గుడ్డకి అంటుకుని ఉన్నాయి, కొన్ని ఆకు ఈనె పక్కనే కాళ్ళు ముడుచుకుని పడి ఉన్నాయి. అక్కడే డాబా గచ్చు మీద కూలబడ్డాను. అత్తగారు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడింది. రెండు పళ్ళేలు పట్టుకుని వచ్చారు, అలవాటు ప్రకారం.

ఆవిడకి చెప్పేశాను. మందారం దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆవిడ ఆ సంచుల వైపు చూస్తూ నిలబడ్డారు.

"మరి పురుగులు ఎందుకు రాలేదమ్మా? వాటికి వాసన తెలిసిందా?"

"వచ్చాయి అత్తయ్యా. తిని చచ్చాయి."

ఆవిడ పళ్ళేలు గచ్చు మీద పెట్టేశారు. "నేనే కదూ. చిల్లు లేనిది చూసి, ఏరి ఏరి నేనే పెట్టాను," అన్నారు. మీ తప్పేం లేదు అని ఎన్నిసార్లు అన్నా ఆవిడ వినలేదు. గచ్చు మీద నా పక్కన కూర్చుండిపోయారు. ఆ సంచులు మూడూ అప్పుడే తాళ్ళతో కట్టేశాను. మట్టి పారబొయ్యడానికి కూడా భయం. ఎక్కడ పోసినా అక్కడ ఇంకేదో మొలుస్తుంది.

అమ్మాయి పాపని దింపి వెళ్ళాక, సెలవు పెట్టి, పాపని తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అమ్మాయికి చెప్పలేదు. డాక్టరమ్మ అంతా విని, పాపని బల్ల మీద పడుకోబెట్టి చూసింది, తూచింది, మోకాళ్ళ మీద తట్టి చూసింది, లైటు వేసి కళ్ళు చూసింది. పాప ఆ లైటు పట్టుకోబోయింది.

"ఇప్పుడైతే పాప మంచిగనే ఉన్నది. బరువు కరెక్టుగ పెరుగుతున్నది. మీరు జర ధైర్యంగ ఉండుర్రి," అంది.

"లోపలికి ఎంత పోయి ఉంటుంది డాక్టరుగారూ? ఏదైనా పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?"

"ఎంత పోయిందో నేను చెప్పలేనమ్మా. ఇప్పుడు పరీక్ష చేసినా ఆరు వారాల ముచ్చట అందుల తెల్వది. ఇంక పెట్టకుర్రి. ఫిట్స్ లెక్క ఏమన్న కనబడ్డా, మబ్బుగ మత్తుగ ఉన్నా, తిండి మానేసినా వెంటనే తీస్కరార్రి." కాగితం మీద ఏదో రాస్తూ తలెత్తింది. "వాళ్ళమ్మకు చెప్పిన్రా?"

"లేదు."

"చెప్పుర్రి. రేపు ఏమన్న అయితే ఆమెకే తెలిసి ఉండాలె. మీకు తెలిస్తే సరిపోదు."

బాగానే ఉంది అన్న మాట విని నా భయం తగ్గలేదు. ఎంత పోయిందో చెప్పలేను అన్న మాటే చెవుల్లో ఉండిపోయింది. రోడ్డు మీద ఆటోలో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. ఊపిరి తీస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇంటికి చేరేలోపు నాలుగైదు సార్లు చూశాను.

సాయంత్రం అమ్మాయి చెప్పులు విప్పకముందే చెప్పడం మొదలుపెట్టాను. ఆగితే ఇక చెప్పలేనని తెలుసు. మందారం, మట్టి, సంచులు, పేనుబంక, డాక్టరు, అన్నీ. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పాపని ఎత్తుకుని గోడకానుకుని కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే ఉద్యోగం తనది. ఆ గొంతుతోనే అడిగింది. మందు ఎన్నిసార్లు పోశావు, ఏ నెలలో ఆపావు, పాప మొదట ఎప్పుడు తిన్నది, వారానికి ఎన్నిసార్లు, దానికి వాసన ఉంటుందా, రుచి ఉంటుందా. వాసనా ఉండదు, రుచీ ఉండదు అని చెప్పాను. అన్నీ ఫోన్లో రాసుకుంది.

చివరికి తలెత్తి, "నీకు నిన్న మధ్యాహ్నమే తెలుసు కదమ్మా?" అంది.

"ఖాయంగా తెలియదు. పొద్దున్నే..."

"అనుమానం వచ్చింది కదా. నిన్న సాయంత్రం ఇక్కడే నిలబడి అడిగాను నిన్ను. తిన్నది, పాలు తాగింది, పడుకుంది అన్నావు. నేను ఇంటికి తీసుకెళ్ళాను. రాత్రంతా నా పక్కన పడుకుంది. ఏమైనా అయితే దేనికోసం చూడాలో కూడా నాకు తెలియదు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. అమ్మాయి ఓదార్చలేదు. పాప సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర అత్తగారు పాప కాలు ముట్టుకుంటే ఆగింది గానీ, నా వైపు చూడలేదు.

పది రోజులు పాప మా ఇంటికి రాలేదు. అమ్మాయి ఇంటి నుంచే పని చేసుకుంది. అల్లుడు మాత్రం రోజూ పొద్దున ఫోన్ చేసి, "మంచిగనే ఉన్నది అత్తమ్మా, ఆడుకుంటున్నది," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవాడు. ఆ ఫోన్ అయిదు నిమిషాలు ఆలస్యమైతే సెల్లు చేత్తో పట్టుకుని హాల్లోకీ బాల్కనీలోకీ తిరిగేదాన్ని. క్లాసులో ఆ పాఠం మిగతా సగం ఇంకొక లెక్చరర్ చేత చెప్పించాను. డాబా మీదికి వెళ్ళడం మానేశాను. అత్తగారు బండి మీద కూర కొంటున్నారు. బండివాడిని ఏమీ అడగడం లేదు.

పదకొండో రోజు ఆఫీసువాళ్ళు రమ్మన్నారట. వేరే దారి లేక అమ్మాయి పాపని తీసుకొచ్చింది. ఆ పూట ఆలస్యంగా వెళ్తానని చెప్పి మధ్యాహ్నం దాకా ఉండిపోయింది. ఎందుకుందో నాకు తెలుసు. నేను వంటింట్లో పెసరపప్పు, క్యారెట్ ఉడికించాను. రెండూ అమ్మాయి తెచ్చినవే. తను వంటింటి గుమ్మంలో నిలబడి నేను కడగడం, తరగడం, కుక్కర్ పెట్టడం అంతా చూసింది.

పన్నెండింటికి అన్నం మెదిపి, నెయ్యి వేసి, గిన్నె పట్టుకుని చాప మీద కూర్చున్నాను. పాప నన్ను చూసి నవ్వి, పాకుతూ వచ్చి, నోరు తెరిచింది. చెంచా ఎత్తాను. అమ్మాయి వంగి, నెమ్మదిగా ఆ చెంచా నా చేతిలోంచి తీసుకుంది. ఆ ముద్ద ముందు తను తిన్నది. నమిలి మింగి, కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత గిన్నె తన ఒళ్ళో పెట్టుకుని, రెండో ముద్ద పాపకి పెట్టింది.

రుచిలో ఏమీ తెలియదని తనకి చెప్పింది నేనే.